తొడగడం మరచిన గొట్టం

నియమావళి కంఠస్థమైతే పని వచ్చేసినట్లేనని నమ్మిన యువకులు ఎనభైల తొలినాళ్లలో చాలామందే ఉండేవారు. వారిలో నేను మొదటి వరుసవాణ్ణి. (ఆ నమ్మకం నుంచి కోలుకోవడానికి చాలాకాలం పట్టింది.) మదనపల్లెలో బోరు మోటార్లు బిగించే ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో, కేబులు అతుకులకోసం క్రాస్‌లింక్‌డ్ పాలిథిలీన్ గొట్టాలు వచ్చాయి. మామూలు పాలిథిన్ వేడికి కరిగిపోతుంది. దీనిలో అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అడ్డంగా ముడివడి ఉంటాయి కనుక కరగదు. ఫ్యాక్టరీలో సాగదీసిన గొట్టం మంట తగలగానే పూర్వపు కొలతకు ముడుచుకుని, అతుకులోకి నీరు చొరకుండా బిగుసుకుపోతుంది. షరతు ఒక్కటే: వైర్లు కలపకముందే గొట్టాన్ని కేబులుకు తొడిగి, పక్కకు జరిపి ఉంచుకోవాలి.

పుంగనూరు దగ్గర ఒక పెద్దమ్మ టమోటా తోటలో బోరులోకి మోటారు దించవలసి వచ్చింది. తోట పూతమీద ఉంది. నీళ్లు పారి నాలుగు రోజులైంది. ఎప్పుడూ అతుకులు వేసే మేస్త్రి (కుప్పం మనిషి గనుక అందరికీ కుప్పం మేస్త్రి) పనిముట్లు తీయబోతే వారించి, గొట్టం గుణగణాల మీద ఉపన్యసిస్తూ నేనే వైర్లు కలపసాగాను. “సార్, ఒక్క మాట...” అన్నాడతడు. “పని నడుమ మాట్లాడరాదు,” అన్నాను. బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. చివరి వైరు బిగించి తలెత్తేసరికి గొట్టం నా చంకలోనే ఉంది.

“ఇంక దాన్ని యాడ తొడుగుతావప్పా, నీ సెవికా?” అని నవ్వింది పెద్దమ్మ.

“కోసేసి మళ్లా కడదాం సార్, అరగంట పని,” అన్నాడు మేస్త్రి.

అరగంట నాకు బరువు కాలేదు, ఆమె నవ్వు బరువైంది. గొట్టాన్ని నిలువునా చీల్చి, అతుకుకు చుట్టి మంట పట్టాను. అది ముడుచుకుంది గాని, అతుకును వదిలేసి తనలోకి తానే చుట్టుకుంది. పైన టేపు వేసి, “చాలు, దించండి,” అని ఆజ్ఞాపించాను.

మూడో రోజు అతుకులోకి నీళ్లు చేరి మోటారు కాలింది. వేరే మోటారు వచ్చేలోగా పూత రాలింది. “అతుకు ఎవరిది?” అని మేనేజరు అడిగినప్పుడు నేను గోడమీది క్యాలెండరును శ్రద్ధగా పరిశీలించాను. “నాదే సార్, తొందరపడితిని,” అన్నాడు మేస్త్రి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని అతడికి తెలుసు. ఆ సాయంత్రమే అతణ్ణి తీసేశారు.

కొన్నేళ్లకు కుప్పం వెళ్లాను. అతడు మోటార్ల వైండింగు దుకాణం పెట్టుకున్నాడు. క్షమాపణను ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని విభజించుకుని బస్సులో దారి పొడుగునా వల్లెవేశాను. నన్ను చూడగానే టీ తెప్పించి, భార్యను పిలిచాడు.

“మా సారు వచ్చుండాడు సూడు. గొట్టం తొడగడం మర్చిపోయి నేను మోటారు కాల్చినా, నన్ను ఒక్క మాట అనలేదు.”

ఆమె నాకు రెండు చేతులెత్తి నమస్కరించింది. నా క్షమాపణ ఉపోద్ఘాతం దాకా కూడా రాలేదు. అంత క్రమంగా సిద్ధమై వెళ్లిన ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ చిన్నగా నవ్వు వస్తుంది, ఎంతోసేపు నిలవదు. ప్రతినమస్కారం మాత్రం లోపం లేకుండా చేశాను.