గ్లాసు కింద జీతం

శుక్రవారం పొద్దున్నే భీమవరం నుంచి ఫోనొచ్చింది. మేడమీద అక్కయ్యగారి తమ్ముడు. "అక్కయ్య వెళ్ళిపోయిందమ్మా. నిన్న మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో వాలింది. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నారు. ఫోను పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే ఒక పక్క మనసు తేలికపడింది, దాచుకోవడమెందుకు. "మంచాన పడి ఎవరిచేతా నోట్లో నీళ్ళు పోయించుకోకూడదే అమ్మాయ్, అంతే నాక్కావలసింది," అని ఎప్పుడూ అనేవారు. అన్నంత పనీ చేశారు. కడుపునిండా భోంచేసి మరీ వెళ్ళారు.

ఈ ఎడారి దేశంలో, ముహర్రక్ ఊళ్ళో మేము కింద వాటా, ఆవిడ పైవాటా. మనవాళ్ళందరికీ మేడమీద అక్కయ్యగారు. మనామాలో ఒక వ్యాపార సంస్థలో లెక్కలు చూసేవారు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. తక్కిన విషయాల్లో మాత్రం చెప్పకుండా ఊరుకున్నదేమీ లేదు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి పిల్లకి జోల పాడే పద్ధతి దాకా అన్నీ చెప్పాల్సిందే. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. నడివేసవిలో డాబా మీద వడియాలు పెట్టి, "ఇంత ఎండ ఊరికే పోతుంటే ప్రాణం ఒప్పట్లేదే," అనేవారు. ఈ దేశపు ఎండని తిట్టని మనిషిని ఆవిడొక్కరినే చూశాను.

విమానాశ్రయం పక్కనే ఉంది కదా, విమానాలు మా నెత్తి మీదుగానే పోయేవి. ఆ హోరుకి మేమంతా గొంతు పెంచేవాళ్ళం. అక్కయ్యగారు పెంచేవారు కాదు. చూపుడువేలు పైకెత్తి ఆగిపోయేవారు. విమానం దాటాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. చీవాట్ల మధ్యలో విమానం వచ్చింది కదా, బతికిపోయాం అనుకుంటే అది మన భ్రమే.

జీతాల రోజు సాయంత్రం ఆవిడ ఇంట్లో ఒక తంతు జరిగేది. తెలుగువాళ్ళు ఎవరు వచ్చినా పెసరట్టు పెట్టి, జీతం స్లిప్పు బల్ల మీద పరచమనేవారు. అడుగున, చేతికి ఎంత వస్తుందో రాసి ఉండే చోట, చన్నీళ్ళ స్టీలు గ్లాసు పెట్టేసేవారు. పైనుంచి ఒక్కొక్క గడి బయటికి చదవాలి. అంతా చదివాకే గ్లాసు తీయడం. "అడుగున అంకె చూశాక ఎవడికీ కళ్ళు పైకి పోవు. సంతోషమొస్తే పోవు, ఏడుపొచ్చినా పోవు," అనేవారు. ఆ ఉక్కకి గ్లాసు చెమర్చి స్లిప్పు మీద గుండ్రంగా తడి మరక పడేది.

మా ఆయన మాత్రం ఆ తంతుకి కూర్చునేవారు కాదు. మగవాడి జీతం, ఆడదాని వయసు అడగకూడదని ఆయన సిద్ధాంతం. పెసరట్టు తిని, స్లిప్పు జేబులోనే ఉంచుకుని దిగి వచ్చేవారు.

అప్పుడాయన హిద్ దగ్గర ఓడలు బాగుచేసే ఒక ఇంగ్లీషు కంపెనీలో కొత్తగా చేరారు. పని ఇక్కడ, జీతాల లెక్కంతా ఇంగ్లండులో. మొదటి నెల చెప్పినదానికంటే బాగా తక్కువ వచ్చింది. అదేమిటండీ అంటే, "పన్ను కోశారు," అన్నారు, వాన పడింది అన్నంత మామూలుగా. ఆదాయపు పన్ను లేని దేశమనే కదా ఊరు వదిలి ఇక్కడికొచ్చాం! మళ్ళీ అడిగితే, "కంపెనీ వాళ్ళది, దేశం వాళ్ళది, వాళ్ళకి తెలీదా? అడిగి ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకోనా?" అని కసిరారు.

తర్వాత అసలు పిడుగు పడింది. కంపెనీ తరఫున వీజా కాగితాలు తిప్పే నిజామాబాద్ భాయి ఒకరు ఉండేవారు. మంచి మనిషి. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, తల వంచుకుని చెప్పారు: "అక్కా, సార్ చేతికొచ్చే జీతం సర్కార్ పెట్టిన హద్దు కంటే తక్కువున్నది. గిట్లుంటే ఫ్యామిలీ వీజా మళ్ళ ఇయ్యరు. తారీఖు దాటకముందే నువ్వు, పాప ఇంటికి పోవుడే. నేను కాయితం ఆఖరి దాకా ఆపుత, గంతకన్న నా చేతుల లేదు."

పాపకి అప్పటికింకా నిలబడటం రాదు. దాని తండ్రి దాన్ని మళ్ళీ ఎప్పుడు చూస్తారో, అప్పటికి అది ఆయన్ని గుర్తుపడుతుందో లేదో. మా ఆయన మర్నాడు పెద్ద అట్టపెట్టె, తాడు తెచ్చారు. హాల్లో పెట్టారు. ఇద్దరం దానివంక చూడకుండా అన్నం తిన్నాం.

ఆ సాయంత్రమే అక్కయ్యగారు వడియాల డబ్బా పట్టుకుని దిగారు. పెట్టె చూశారు.

"ఎవరే వెళ్తోంది?"

భోరున ఏడ్చాను. ఏడుస్తూ చెప్పినదాంట్లో ఆవిడకి ఎంత అర్థమైందో గానీ, మా ఆయన వైపు తిరిగి, "తమ్ముడూ, ఆ స్లిప్పు ఇలా తే. సిగ్గుపడే వేళ కాదిది," అన్నారు. ఆయన తెచ్చారు. ఆవిడ అడుగున గ్లాసు పెట్టారు. "ఊఁ, చదువు."

పేరు చదివారు. నంబరు చదివారు. తర్వాతి గడి వదిలేసి కిందికి దిగబోతుంటే ఆవిడ వేలు ఆ గడి మీద పడింది. "ఇది?"

"పన్ను కోడ్ అండి. బి, ఆర్. ఏదో వాళ్ళ గుర్తు."

"వాళ్ళ గుర్తేంటయ్యా, నీ గుర్తు! కోడంటే గవర్నమెంటు నిన్ను పిలిచే పేరు. ఎవడి పేరో పెట్టి పిలుస్తుంటే నువ్వు నెలనెలా పలుకుతున్నావు. ఇంగ్లండులో కాపురముండి రెండో ఉద్యోగం చేసేవాడికి పెట్టే పేరు ఇది. నువ్వెప్పుడు వెళ్ళావు ఇంగ్లండు?"

"నేను విమానం ఎక్కిందే ఇక్కడికి రావడానికండి."

"మరి వాళ్ళెందుకు అనుకున్నారు?"

మా ఆయన నెమ్మదిగా బయటపెట్టారు. చేరేటప్పుడు నింపిన దరఖాస్తులో ఇంగ్లండు చిరునామా అని ఒక గడి ఉందట. ఖాళీ వదిలితే దరఖాస్తు తిప్పి కొడతారని భయపడి, లండన్‌లో ఉన్న మేనత్త కొడుకు చిరునామా రాసేశారట. మన ఆఫీసుల్లో అంతే కదా! ఒక్క గడి ఖాళీగా కనబడితే గుమాస్తా మొహాన కొడతాడు. మా మామగారు కొడుక్కి నేర్పిన మొదటి లౌక్యమే అది: ఏదో ఒకటి రాయి, ఖాళీ మాత్రం వదలకు.

అక్కయ్యగారు ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసి పకపకా నవ్వేశారు. "అయ్యబాబోయ్! పెళ్ళాం పిల్ల ముహర్రక్‌లో, నువ్వేమో లండన్‌లో కాపురం పెట్టేశావా!" నాకూ ఏడుపులో నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

కానీ అడగాలంటే ఆయనకి వణుకే. అక్కయ్యగారు కసురుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "అడిగితే ఉద్యోగం పోదు తమ్ముడూ, అరిస్తే పోద్ది. మనం అరవట్లేదు, తప్పు చిరునామా నాదే, సరిచేయండి అంటున్నాం," అని ఉత్తరం చెప్పి రాయించారు. ఇంగ్లండు ముద్ర ఒక్కటి కూడా లేని పాస్‌పోర్టు పేజీలన్నీ నకలు తీయించి, కంపెనీ ద్వారా అక్కడి పన్ను ఆఫీసుకి పంపించారు.

తర్వాతి జీతానికి పైకి వెళ్ళాం. గ్లాసు, చన్నీళ్ళు, చదవడం. బి, ఆర్. ఆ పై నెలా అదే. వీజా తారీఖు దగ్గర పడుతోంది. భాయి కనబడినప్పుడల్లా, "ఏమన్న అయిందా అక్కా?" అనేవారు. పెట్టె హాల్లోనే ఉంది. మా పాప ఆ పెట్టె అంచు పట్టుకునే మొదటిసారి లేచి నిలబడింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం గానీ, పట్టుకున్నది దేన్నో చూశాక నా చప్పట్లు ఆగిపోయాయి. అక్కయ్యగారికి చెబితే, "పోనీలేవే, దేనికో ఒకదానికి పనికొచ్చింది," అన్నారు. ఆ మాటకి కోపమొచ్చింది. పైకి వెళ్ళాక ఆవిడ ఆ రాత్రి భోజనం చేయలేదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ మరుసటి జీతం. మా ఆయన చదవడం మొదలుపెట్టారు. పేరు, నంబరు. తర్వాత ఆగారు.

"చదవవయ్యా!"

"ఎన్... టి."

నేను ఆవిడ మొహం చూశాను. మొహం చూస్తే ఏమీ తెలియదు. "అంటే ఏంటక్కయ్యగారూ?" అన్నాను. ఆవిడ నోరు తెరిచేసరికి విమానం వచ్చింది. వేలు లేచింది. నా జన్మలో అంత నెమ్మదిగా పోయిన విమానం ఇంకోటి లేదు. హోరు తగ్గాక వేలు దించి, "పన్ను లేదు అని అర్థం," అన్నారు. "ఊఁ, మిగతాది చదువు."

అంతటితో ఊరుకున్నారా! అన్ని గళ్ళూ చదివించారు. పన్ను దగ్గర సున్నా. ఇదివరకు కోసినదంతా వెనక్కి. అప్పుడు గ్లాసు తీశారు. మా ఆయన తల బల్లకి ఆనించి ఉండిపోయారు. నేను పాపని ఎత్తుకుని నేలమీద కూలబడ్డాను. గుండెల మీంచి బండ దిగినట్టయింది. అక్కయ్యగారు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలన్నారు. ఆ రోజు పెట్టిన ఉప్మాలో ఒక్క ఉల్లిపాయ ముక్క లేదు.

భాయి వీజా కొట్టించి తెచ్చి, "ఖలాస్ అక్కా, ఇగ ఫికర్ లేదు," అంటూ ఆ రోజు లోపలికి వచ్చి టీ తాగారు. పెట్టెకి కట్టాల్సిన తాడుని అక్కయ్యగారు డాబా మీద బట్టలారేయడానికి పట్టుకుపోయారు.

ఆవిడ రిటైరై భీమవరం వెళ్ళిపోయాక మేము స్లిప్పులు మామూలుగానే చూసుకుంటున్నాం. అడుగు అంకె ముందు చూసి, మడిచి పక్కన పెట్టేస్తున్నాం. పాప బడికి వెళ్తోంది. దానికి ఆ పెట్టె సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు, అంతకంటే ఏం కావాలి.

ఇవాళ జీతాల రోజు. మా ఆయన ఇంటికొచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా, వంటింట్లోంచి చన్నీళ్ళ గ్లాసు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. నేనూ వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. పేరు చదివారు. నంబరు చదివారు. కోడ్ దగ్గరికి వచ్చేసరికి పైన విమానం. ఆయన వేలు దానంతటదే లేచింది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. విమానం పోయింది. "ఎన్, టి," అన్నారాయన.

పాత స్లిప్పులన్నీ ఒక సంచిలో దాచాను. ఆవిడ చదివించినవన్నీ అడుగున గుండ్రటి మరకలతో ఉంటాయి. వెళ్ళాక వచ్చినవన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈ నెల స్లిప్పు మీద మళ్ళీ మరక పడింది. ఇంకా ఆరలేదు.