గిరి లోపల సుఖమెక్కడిది?

ఆ రోజు మా ఉమ్మడి వంటశాల ముందు నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసింది ఆ అమ్మాయి. మునిసిపాలిటీవాళ్లు పంపారట. పేరు లిసెట్. మెడలో పేరు రాసిన బిళ్ల, చేతిలో మైకు, కాళ్లకు తెల్ల బూట్లు.

"అమ్మలూ, ఇది మీ చుట్టూ మీరే గీసుకున్న గిరి. లోపల హాయిగా ఉంటుంది, అలవాటైపోయి ఉంటుంది. కానీ ఎదగాలంటే ఏం చెయ్యాలి? బయటకి దూకాలి! అందరూ నాతోపాటు... ఒకటి, రెండు, మూడు!"

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పదిహేడుమంది ఆడవాళ్లం దూకాం. సెనోబియా చేతిలో గరిటెతోనే దూకింది. లిసెట్ చప్పట్లు కొట్టి, అందరినీ ఫోటో తీసుకుని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గిరి లోపల హాయి ఎక్కడుంది? సెనోబియా ఇల్లంటే నాలుగు చెక్కలూ పైన ఒక రేకూ. నీళ్లు బండివాడు వచ్చిన రోజు డ్రమ్ములో పట్టుకున్నవే. చలికాలమంతా మా లీమా పట్నం ఆకాశం సన్నగా తుంపర రాలుస్తుంటే మా కొండ మీద ఇళ్లన్నీ చెమ్మ కక్కుతాయి. ఆ చెమ్మే ఊపిరితిత్తుల్లో చేరి నా కూతురు నోయెమీని తీసుకుపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను. సుఖం వదిలి రమ్మనేవాళ్లు ముందు ఆ సుఖమేదో మాకు చూపించి, ఆ తర్వాత వదలమనాలి.

సెనోబియాది అయకూచో పైన చలికొండల్లో ఒక పల్లె. నడక వచ్చింది మొదలు బంగాళాదుంపలు తవ్విన మనిషి. ఇంట్లో మాట్లాడింది కొండ భాష. పదిహేడో ఏట లీమా వచ్చి ఒక పెద్దింట్లో పనికి కుదిరింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ ఇంటావిడ ఈమెను భోజనాల బల్ల దగ్గరికి పిలిచి, "ఏదీ, ఆ మాట మళ్లీ అనవే" అని పట్నం మాట ఒకటి పలికించి, ఆ యాసకి అందరినీ నవ్వించేదట. అప్పటినుంచి నలుగురిలో నోరు తెరవడం మానేసింది. మా కొండ మీద అందరూ దాన్ని సిగ్గు అంటారు. సిగ్గు కాదది, ఒకరు చేసిన గాయం. గాయానికి సిగ్గని పేరు పెడితే చేసినవాళ్ల పేరు ఎవరూ అడగరు.

ఆమె నోరు మెదపకపోయినా మొగుడు గ్రిమాల్డో ఉన్నన్నాళ్లూ గడిచిపోయింది. అతనిది పెద్ద గొంతు. నెలకోసారి ఆదివారం జరిగే మా సంఘం సభలో పేర్లు చదివితే, "హాజర్!" అని కొండ కింది కుక్కలు లేచేలా అరిచేవాడు. మొన్న డిసెంబర్లో కట్టడం పనిలో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. తర్వాత జరిగిన రెండు సభల్లోనూ గ్రిమాల్డో పేరు చదివినప్పుడు నేనే లేచి, "ఆయన భార్య ఉంది, ఇదిగో నా పక్కనే" అన్నాను. నేను కూడా పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. అయినా ఆ వేళ ఆమె నా శాలువా అంచు పట్టుకుని తల దించేస్తే చూడలేకపోయాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

లిసెట్ వచ్చి వెళ్లిన మర్నాడు వంటశాల తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. కింద మా సంఘం అధ్యక్షుడు తెయోఫిలో సంతకం, ముద్ర. మా కొండ మీద ఎవరికీ పట్టాల్లేవు, సంఘం పుస్తకంలో పేరున్నవాళ్లదే స్థలం. గ్రిమాల్డో పేరు మీదున్న స్థలం తాలూకు మనిషి రెండు సభలకు రాలేదు, మూడో సభకూ రాకపోతే స్థలాన్ని ఖాళీగా లెక్కకట్టి వేరేవాళ్లకు ఇస్తాం, అని.

నేను కాగితం పీకి తెయోఫిలో ఇంటికి వెళ్లాను.

"రాలేదేంటయ్యా? నా పక్కనే కూర్చుంది కదా! నువ్వే కదా కళ్లజోడు సవరించుకుని మరీ చూశావు!"

"కూర్చుంటే సరిపోదమ్మా ఎడెల్మీరా. స్థలం ఎవరిదో వాళ్ల నోటితో పలకాలి. నిబంధన."

"మరి పాంచో తాగి పడుకుంటే వాళ్లావిడ పలుకుతుంది. అది హాజరెలా అయింది?"

"పాంచో బతికే ఉన్నాడుగా" అన్నాడు.

అదీ న్యాయం! తాగి పడుకున్న మగవాడు పెళ్లాం గొంతుతో హాజరవుతాడు. ఎదురుగా కూర్చున్న ఆడదానికి సొంత గొంతు లేకపోతే ఆమే లేదు. ఈ కొండ మీదికి వచ్చిన పదకొండేళ్లలో ఆమె ఒక్క ఆదివారం శ్రమదానం మానలేదు. మా మెట్లదారికి మోసిన రాళ్లలో ఆమె వీపు మీద వచ్చినన్ని ఏ మగాడి వీపు మీదా రాలేదు. ఆ వీపుకి హాజరు పట్టీ లేదు. ఆమె స్థలం సరిగ్గా మెట్ల మలుపులో ఉంది, కొట్టు పెట్టుకోవడానికి బాగుంటుంది. తెయోఫిలో కూతురికి కొత్తగా పెళ్లయింది. ఇంక నేను విడమరచి చెప్పక్కర్లేదు.

సెనోబియాకి కాగితం చదివి వినిపించాను. నేను పలకడమే ఆమె మెడకి చుట్టుకుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమే అంది.

"నువ్వు పలక్కుండా ఉంటే నేను పలికేదాన్నా? అదీ లేదులే అక్కా. ఏడవకు."

కాసేపు దుంపలు చెక్కి, మళ్లీ అంది. "ఆ పిల్ల చివర్లో ఒకటి చెప్పింది, విన్నావా? రోజుకో భయమేసే పని చెయ్యమంది. చిన్నదే."

"ఆ తెల్ల బూట్ల పిల్ల మాటలా?"

"బూట్లు దానివి. మాట వాడుకుంటే మనది."

సభకి ఇంకా మూడు వారాలున్నాయి. మొదట బస్సుతో మొదలుపెట్టింది. వారానికి మూడు రోజులు కిందికి దిగి, ఇళ్లల్లో బట్టలుతికి వస్తుంది. మా దారిలో వ్యాను బస్సులు ఎవరైనా "మూల దగ్గర దిగాలి!" అని అరిస్తేనే ఆగుతాయి. సెనోబియా ఎప్పుడూ అరవలేదు. వేరేవాళ్లు ఎక్కడ దిగితే అక్కడే తనూ దిగి, అరగంట వెనక్కి నడిచి వచ్చేది. పదకొండేళ్లు! ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి రోజు నేనూ తోడు వెళ్లాను. మా మూల వస్తోంది. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నేను అరవబోతే నా తొడ మీద గట్టిగా గిల్లింది. మూల దాటిపోయింది. చివరి స్టాపు దాకా వెళ్లి, ఎండలో ఇద్దరం నడిచి వచ్చాం. నా తొడ మీద ఆ మచ్చ వారం ఉంది. రెండో రోజు మాట రాక ఇనప కడ్డీని చిల్లరతో టకటకా కొట్టింది.

"ఏంటమ్మా, తలుపు తడుతున్నావా? లోపల ఎవరూ లేరు, పెళ్లికెళ్లారు!" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. బస్సు ఆగలేదు.

ఆ తర్వాత ఒంటరిగానే వెళ్తానంది. గురువారం సాయంత్రం పెందలాడే వచ్చింది.

"దిగావా?"

"దిగాను. మూల దగ్గర ఆపమన్నా. వాడికి వినపడలా. మళ్లీ అన్నా. పక్కావిడ నవ్వింది. నవ్వుకోనీ, బస్సు మాత్రం ఆగింది."

రెండో వారం బజారు. దుంపలమ్మే మనిషి ఎప్పుడూ సంచి అడుగున పచ్చబారిన దుంపలు నాలుగు వేసేవాడు. ఈమె ఏమీ అనదని వాడికి తెలుసు. ఈసారి సంచి వాడి ముందే బోర్లించింది. నేను పక్క బండి దగ్గర ఉల్లిపాయలు చూస్తున్నట్టు నటిస్తున్నాను.

"అబ్బో, రాణీగారికి ఒక్కో దుంప ముద్దెట్టి ఇవ్వాలా?" అన్నాడు వాడు.

"ముద్దు మీ ఆవిడకి పెట్టుకో. నాకు దుంపలియ్యి. ఇది దుంప కాదు, విషం. పండించినదాన్ని, నాకు తెలుసు."

మాట వణికింది. యాస కూడా అంతా బయటపడింది. వాడు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, నాలుగూ మార్చి ఇచ్చాడు.

ఇక్కడితో అంతా సులువైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మూడో వారం మొదట్లో వంటశాలలో భోజనం పళ్లేలు పంచే వేళ పేర్లు పిలిచే పని ఆమె అడిగి తీసుకుంది. ఏ ఇంటికి ఎన్ని పళ్లేలో గట్టిగా చెప్పాలి. మూడు పేర్లు పిలిచింది. నాలుగోది డెల్ఫీనాది. డెల్ఫీనా వరసలోంచి ముందుకొచ్చి, ఆ పేరుని అచ్చం సెనోబియా పలికినట్టే సాగదీసి పలికి, నడుం మీద చెయ్యి పెట్టి తిరిగింది. వరసలో నవ్వులు. డెల్ఫీనా వాళ్లమ్మ మొన్నమొన్నటి దాకా అదే యాసలో మనవల్ని తిట్టేది! అదే కొండలు దిగి వచ్చి, అదే మట్టి గోళ్లలో ఉంచుకుని, ఒకరినొకరు వెక్కిరించుకోవడం మాకు ఎవరు నేర్పారో! ఆ మాట అప్పుడే అనాల్సింది. నేను అనలేదు. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను.

సెనోబియా గరిటె దించి, పొయ్యి వెనక్కి వెళ్లి కూర్చుంది. మర్నాడు వంటశాలకి రాలేదు. ఇంటికి వెళ్తే మూటలు కడుతోంది.

"ఇకా ఊళ్లో మా తమ్ముడున్నాడు. అక్కడికి పోతానక్కా. నా వల్ల కాదు."

నేను రెండు గంటలు కూర్చుని లేచి వచ్చాను. ధైర్యం చెప్పడానికి నేనెవర్ని? నోయెమీ పోయాక నేను గుమ్మం దాటడానికే నాలుగు నెలలు పట్టింది.

శుక్రవారం ఆమే మా ఇంటికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"తెయోఫిలో అల్లుణ్ణి వెంటేసుకొచ్చాడు. టేపు పెట్టి నా స్థలం కొలిచారు. నేను బట్టలారేస్తున్నా. పలకరించలేదు. తీగ మీది దుప్పటి పక్కకి నెట్టి, నా కాళ్ల పక్కనుంచి టేపు లాక్కుపోయారు. ‘ఈ బండ జరిపితే కొట్టుకి వాకిలవుతుంది’ అన్నాడు అల్లుడు. మనిషుండగానే కొలిచారక్కా! శవాన్నైనా అడ్డం తీసి కొలుస్తారు!"

"మరి మూటలు?"

"విప్పేశా."

ఆదివారం పొద్దున పదింటికి సభ. ప్లాస్టిక్ కుర్చీలు, గీగీమనే లౌడ్ స్పీకరు, బల్ల వెనక తెయోఫిలో. పేర్లు చదువుతున్నాడు. జనం హాజర్, హాజర్ అంటున్నారు. గ్రిమాల్డో పేరు మాత్రం గబగబా, దగ్గుతో కలిపి చదివాడు.

సెనోబియా లేచింది. "ఆయన లేడు. నేనున్నాను."

తెయోఫిలో తల ఎత్తలేదు. "వినపడలేదు. గట్టిగా!"

"నేనున్నాను."

"వెనక ఎవరో ఏదో అంటున్నారు. మనిషి లేకపోతే తర్వాతి పేరుకి వెళ్తా."

ఎవరో నవ్వారు. నా గొంతులో మాట నిండి ఉంది. పెదవి పళ్ల కింద నొక్కి పట్టాను. పలకడం కంటే పలకకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

సెనోబియా అరవలేదు. కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ ముందుకు నడిచింది. బల్ల ఎదురుగా నిలబడి, ఇంట్లో మాట్లాడే గొంతుతో అంది. "సెనోబియా కిస్పె. ఇక్కడున్నాను. రాసుకో."

"పేరు పిలిచినప్పుడు కూర్చున్న చోటినుంచే పలకాలి..."

"పలికాను. నీకు వినపడలా. అందుకే దగ్గరికొచ్చా. ఇంకా దగ్గరికి రమ్మంటావా?"

ఈసారి నవ్వు వేరే వైపు తిరిగింది. ముందు వరస ముసలాయన, "రాయవయ్యా బాబూ, ఎండెక్కుతోంది!" అన్నాడు. తెయోఫిలో పెన్ను తీసి గ్రిమాల్డో పేరు పక్కన గీత పెట్టబోయాడు. ఆమె పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది.

"ఆ పేరు పక్కన కాదు. నా పేరు రాయి."

రాశాడు. రాసి, ఇదుగో పట్టుకున్నానన్నట్టు, "సరే. పాత రెండు గైర్హాజర్ల సంగతేంటి?" అన్నాడు.

సెనోబియా జనం వైపు తిరిగింది. అన్ని మొహాలు ఎదురుగా చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"పోయిన రెండు సభలప్పుడూ నేను ఇక్కడ కూర్చునుంటే చూసినవాళ్లు చెయ్యెత్తండి."

ఒక క్షణం ఎవరూ కదల్లేదు. ఆ క్షణానికి నేను ఎవరినీ క్షమించను, నన్ను కూడా. తర్వాత నేను ఎత్తాను, ముసలాయన ఎత్తాడు, పాంచో పెళ్లాం ఎత్తి, మొగుడి చెయ్యి కూడా పట్టుకుని ఎత్తింది. డెల్ఫీనా నేల చూస్తూ ఎత్తింది. వెనక వరసలు కూడా లేచాక తెయోఫిలో లెక్కపెట్టడం ఆపేసి, రెండు గళ్లూ కొట్టేసి, హాజరని దిద్దాడు. క్షమించమ్మా అన్న ఒక్క మాట ఆ నోట రాలేదు. స్థలం మాత్రం ఆమెదే.

నా పక్కకి వచ్చి కూర్చుని, నా చెవిలో అంది. "అక్కా, ఇంకెప్పుడూ నాకు బదులు పలక్కు."

నాకు చురుక్కుమంది. "పలకను" అన్నాను.

పేర్లు అయిపోయాయి. తెయోఫిలో పుస్తకం మూసి, ఇంకేమైనా విషయాలున్నాయా అని మామూలుగా అడిగాడు. మామూలుగా ఎవరూ ఏమీ అనరు. నా పక్కన చెయ్యి లేచింది.

"మళ్లీ ఏంటి?" అన్నాడు తెయోఫిలో.

"నీళ్ల బండి మా పై వరసకి నెల్రోజుల్నుంచి రావట్లేదు" అంది సెనోబియా. "ఎందుకో చెప్పు, వింటాం."