భోజనాల బల్ల మీద పన్ను

గురునాథరావు గారి ఎదుట డబ్బా మూత తీసినవాడెవడూ పన్ను కట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కనే ఒక చెంచా ఉండేది. మా ఆఫీసు పోర్టు దగ్గర. ఓడల్లో వచ్చిన సరుక్కి కస్టమ్స్ కాగితాలు నడిపి బయటికి తెప్పించడం మా పని. మధ్యాహ్నం ఇనుపరాయి దుమ్ము రాకుండా కిటికీలు మూసి, అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆయన చెంచా తీసి, ఒక గిన్నె పట్టుకుని చుట్టూ తిరిగేవారు. ఉద్యోగానికి గుమస్తాయే గాని, ఆ అరగంటా ఆయనే ప్రభుత్వం.

"ఇయ్యాలేటి బాషా?"

"కైమా. నిన్ననే కట్టేను కద బావా."

"నిన్నటిది నిన్నటికే. మూత తియ్యి."

కరీం బాషా ఒకసారి పన్ను ఎగ్గొడదామని డబ్బాతో పాత ఫైళ్ళ గదిలో దూరాడు. గురునాథరావు గారు మసాలా వాసన పట్టుకుని వెళ్ళి, పన్నుతో పాటు జరిమానా కింద కోడిగుడ్డు కూడా జప్తు చేసి తెచ్చారు. బాషా ఆ సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఇద్దరూ ప్రాణస్నేహితులు.

నేను ఆనందపురం నుంచి వచ్చి చేరిన కొత్తలో జీతం చాలావరకు ఊళ్ళో ఇంటికే పోయేది. నా డబ్బాలో చోడి అంబలి, అదే రాగిజావ. బల్ల చివర కూర్చుని, మూత సగమే తీసి తాగేవాణ్ణి. మొదటిరోజే బాషా తన కూర ఇటు జరిపి, "కొంచెం ఏసుకో తమ్ముడూ" అన్నాడు. ఆకలి లేదన్నాను. నాకున్న ఆస్తల్లా రోషమే, అది మాత్రం దండిగా ఉండేది.

ఆ తర్వాత చెంచా వచ్చింది.

"ఏటల్లుడూ అది?"

"అంబలండి."

"అంబలికి పన్ను లేదని నీకెవుడు సెప్పేడు?"

రెండు చెంచాలు తాగి, కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచి లెక్కేశారు. ఉన్నట్టుండి మొహం వాడిపోయింది. "అయ్యో, రేటు ఎక్కువ పడిపోనాది. రిఫండివ్వాల" అంటూ గిన్నెలో ఉన్న కైమా, వంజరం చేప వేపుడు ముక్కా, పులిహోరా నా మూతలో వేశారు.

"రెండు చెంచాల అంబలికి ఇంతేటండి?"

"రూలు. కట్టినోడికి తిరిగొస్తాది. నీ హక్కు, తిను."

హక్కు కాబట్టి తిన్నాను. ఈ పొరపాటు రోజూ జరిగేది. ఓడ సరుకుల లెక్క పైసాతో సహా సరిపెట్టే మనిషి నా డబ్బా దగ్గరకొచ్చేసరికి తప్పేవారు. మంచివాడే గాని, పన్నుల లెక్కలు ఈయన వల్ల కావని తేల్చేసుకున్నాను.

అలాంటి మనిషి ఎనభై రెండులో వ్యాపార పన్నుల కోర్సుకి దరఖాస్తు పెట్టారు. ద్వారకా నగర్‌లో ఒక సాయంకాలపు కాలేజీ, డిగ్రీ ఉన్నవాళ్ళకే సీటు; అది ఆయనకుంది. అది పాసైతే అకౌంట్స్ కుర్చీ ఆయనదేనని, లేకపోతే బయటినుంచి మనిషిని తెస్తానని యజమాని చెప్పేశాడు. నలభై అయిదు దాటితే కాలేజీ వాళ్ళు తీసుకోరు. ఆయనకి అదే ఆఖరి ఏడాది. ఇంట్లో వాళ్ళావిడ ఆదిలక్ష్మమ్మ గారు సింహాచలానికి మొక్కుకున్నారు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఆయన పన్ను వసూలు చెయ్యలేదు. మాకెవరికీ అన్నం సయించలేదు. బాషా తనే లేచి డబ్బా చాపాడు.

"ఒక్క సెంచా తీసుకో బావా."

"ఇయ్యాల సెలవు" అని, తన డబ్బా మూతైనా తియ్యకుండా చంకన పెట్టుకుని బయలుదేరారు. తోడుగా నేనూ వెళ్ళాను.

ఆయన లోపలికి వెళ్ళాక నేను గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాను. తలుపుకి తెర తప్ప మరేమీ లేదు, అంతా వినపడుతోంది.

"పన్నుల వసూలులో పద్నాలుగేళ్ళ అనుభవం అని దరఖాస్తులో రాశారు. ఇన్‌కంటాక్సా, సేల్స్‌టాక్సా?" అన్నారు ప్రిన్సిపాల్.

"భోజనాల బల్ల దగ్గరండి."

నాకు బెంచీ కింద దూరదామనిపించింది. ఆయన ఉన్నదున్నట్టు చెంచా సంగతంతా చెప్పేశారు.

"రేటెంత?" ప్రిన్సిపాల్ గొంతులో నవ్వో కోపమో తెలియలేదు.

"ఎక్కువ తెచ్చినోడి కాడ ఎక్కువండి. తక్కువోడి కాడ తక్కువ."

"అంబలి తెచ్చుకున్నవాడి దగ్గర కూడా తీస్తారా? అన్యాయం కాదూ?"

"ముందు ఆడి కాడే తియ్యాలండి. తియ్యకపోతే నాను రిఫండెలాగిత్తాను? ఊరికే పెడితే ఆడు ముట్టడు, రోషం. కట్టింది తిరిగొచ్చిందంటే తలెత్తుకుని తింటాడు."

అక్కడే, ఆ బెంచీ మీద, అన్నాళ్ళూ లెక్క తప్పింది ఎవరో నాకు తెలిసింది. సిగ్గేసింది. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కూడా కలిగింది.

లోపల ప్రిన్సిపాల్ చాలాసేపు నవ్వారు. "మా పుస్తకాల్లో ఈ పద్ధతి లేదండీ. అయినా సోమవారం నుంచి రండి."

గురునాథరావు గారు మొహం తుడుచుకుంటూ బయటికొచ్చారు. "సీటిచ్చేరల్లుడూ. గాని నాను సదువుకొచ్చిన సెక్షన్లు ఒక్కటీ అడగలేదు" అన్నారు, కాస్త వెలితిగా.

బస్ కాంప్లెక్స్ ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. పూరీ చెప్తానంటే వద్దన్నారు. "డబ్బా ఉంది కద. ఊరికే ఎందుకు?"

నేను సర్వరుకి సైగ చేసి పూరీ చెప్పాను. ఆయన డబ్బా మూత తీశారు. పొద్దుటి పెరుగన్నం ఎండకి పులిసిపోయింది. ఆయన జేబులోంచి చెంచా నేనే తీసి, ఒక చెంచా పెరుగన్నం తిన్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాను.

"అయ్యో మావా, రేటు ఎక్కువ పడిపోనాది" అని, సర్వరు తెచ్చిన వేడి పూరీల పళ్ళెం ఆయన ముందుకి తోశాను. "రిఫండు. నీ హక్కు, తిను."

ఆయన పళ్ళేన్ని చూశారు, నన్ను చూశారు.

"సెంచాడు పులిసిన అన్నానికి పళ్ళెడు పూరీలా?" అన్నారు. "నీకు లెక్కలు రావురా. ఈ జన్మలో నీకు సీటివ్వరు."

అని, తలెత్తుకుని తిన్నారు.