ఖర్జూరాల డబ్బా మీది గుర్రం

నేను రాసే వార్తలు నా చుట్టుపక్కల ఎవరూ చదవరు. కరీంనగర్‌లో అద్దెగదిలో ఉంటూ, ఆదిలాబాద్ దాకా బస్సుల్లో తిరిగి, జనం రోగాల గురించీ వాళ్లకు అందని మందుల గురించీ ఇంగ్లిషులో రాస్తాను. ఢిల్లీ నుంచి నడిచే ఒక వెబ్‌సైటులో అవి వస్తాయి. ఏవేవో దేశాల వాళ్లు చదివి మెచ్చుకుంటారట. మా ఇంటి ఓనరమ్మ మాత్రం ఒకటే అడుగుతుంది. "గంత తిరుగుతవు, గంత రాస్తవు. మా ఇంటికొచ్చే పేపర్ల ఒక్కనాడన్న రాదేంది బిడ్డా?" మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత నవ్వి ఊరుకోవడం అలవాటైంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి. ఫోన్లో డాక్టర్లను ప్రశ్నలు అడగడాన్ని మాట్లాడటం అనరు కదా.

ఒంటరిగా ఉండేవాళ్లే మంచి విలేకరులవుతారని నాకో పిచ్చి నమ్మకం. ఎవరింట్లో అడుగుపెట్టినా కళ్లప్పగించి చూసేదాన్ని. పొయ్యి మీద ఏముంది, దండెం మీద ఏముంది, గోడకు ఏ పటం ఉంది, అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని.

క్షయ మీద రాయడానికి బోథ్ దగ్గరి ఒక పల్లెకు వెళ్లాను. అక్కడి ఆశా కార్యకర్త నన్ను ఒకావిడ ఇంటికి తీసుకెళ్లింది. ఆమెకు ముప్పయ్యేళ్లుంటాయి. రెండెకరాల్లో పత్తి వేసుకుని, చిన్న కూతురితో ఉంటోంది. భర్త దుబాయ్‌లో పని చేస్తాడు. క్షయ అని తేలి రెండు నెలలైంది. రోజూ మాత్రలు వేసుకుంటోంది కానీ భర్తకు చెప్పలేదు.

"నా పేరు రాయకుండ్రి మేడం. ఊరి పేరు సుత రాయకుండ్రి. ఆయనకు తెలిస్తే గాడ పని ఇడిసిపెట్టి వస్తడు. ఆరు నెలలు గోలీలు మింగితే తక్కువైతదన్నరు. తక్కువైనంక నేనే చెప్త."

రాయనన్నాను. నిజంగానే రాయలేదు. పేరు మార్చాను, ఊరు తీసేశాను, వట్టి ఆదిలాబాద్ జిల్లా అని ఊరుకున్నాను. మా వృత్తిలో అందరూ చేసేది ఇదే, ఇంతటితో చేతులు దులుపుకుంటాం. కానీ ఆమె ఇంట్లో చూసిన ఒక డబ్బా నన్ను వదల్లేదు. భర్త సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన ఖర్జూరాల రేకు డబ్బా అది. దాని మీద గుర్రం బొమ్మ. తండ్రి ఇంట్లో ఉన్న ఆ రోజుల్లోనే పాప పెన్నుతో గుర్రానికి కళ్లజోడు గీసింది. ఆమె మాత్రలను అందులో వేసి బియ్యం డ్రమ్ము వెనక దాచుకునేది. ఇంత ముచ్చటైన సంగతిని ఏ విలేకరి వదులుకుంటాడు? వార్త దాంతోనే మొదలుపెట్టాను. ఎడిటరమ్మ ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. ఆ మెప్పు ఎవరికైనా చెప్పుకోవాలని సాయంత్రం దాకా గదిలో అటూ ఇటూ తిరిగాను. చెప్పుకునేందుకు ఓనరమ్మ తప్ప ఎవరూ లేరు. ఆవిడ ఏమంటుందో తెలుసు కాబట్టి వెళ్లలేదు.

ఇంగ్లిషు వార్త ఆ పల్లెకు చేరదని నా ధీమా. అది పల్లెకు చేరలేదు, దుబాయ్ చేరింది. మన ఆదిలాబాద్ మీద ఏదో వచ్చిందని అక్కడి కార్మికుల క్యాంపులో ఒకతను ఫోన్లోనే తెలుగు చేయించి, గదిలో ఉన్నవాళ్లందరికీ చదివి వినిపించాడట. విన్నవాళ్లలో ఆమె భర్త ఉన్నాడు. కళ్లజోడు పెట్టుకున్న గుర్రాలు ఈ లోకంలో ఎన్నుంటాయి?

ఆశా కార్యకర్త నాకు ఫోన్ చేసింది. "పేపరోళ్లకు చెప్పినవు, నాకు చెప్పలేవా అని ఒక్కటే మాట అడిగిండంట మేడం. గప్పటిసంది ఈమె ఫోన్ ఎత్తుతలేడు. ఈమె తింటలేదు, పండుకుంటలేదు. రెండు దినాలసంది గోలీలు సుత మింగుతలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో పేరాలకు పేరాలు రాసినదాన్ని. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. చాప వేసి, నీళ్లిచ్చింది. తప్పు నాదేనన్నాను. "మీరు పేరు రాయలే గద మేడం" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఆమె దగ్గర నంబరు తీసుకుని నా ఫోన్ నుంచి అతనికి చేశాను. తెలియని నంబరు కాబట్టి ఎత్తాడు. నేనెవరో చెప్పి క్షమించమన్నాను. ఎన్ని మాటలంటాడోనని కాచుకుని ఉన్నాను.

"నేను ఆమెను చూడక రెండేండ్లాయె మేడం" అన్నాడు. "ఫోన్ల ముఖం చూపియ్యమంటే సిగ్నల్ లేదంటది. మీరు దగ్గరుండి చూసిండ్రు. జర నిజం చెప్పుండ్రి. మస్తు బక్కగైందా?"

పక్కనే ఉన్న ఆమెకు వినిపించింది. చెప్పొద్దని చెయ్యి ఊపింది. చెంపల ఎముకలు పైకి తేలి ఉన్నాయి, రవిక భుజం మీద నిలవక జారుతోంది. అవన్నీ నా వార్తలో ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని వాళ్లకు అడక్కుండానే చెప్పాను. కట్టుకున్నవాడు నన్ను బతిమాలుకుంటున్నాడు.

"బక్కగైంది అన్నా. మస్తు బక్కగైంది. మందు ఆపకుంటే తక్కువైతది."

ఆమె మొహం అటు తిప్పుకుంది. "ఆమెకియ్యుండ్రి" అన్నాడు అతను.

ఆమె ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను బయట అరుగు మీద కూచున్నాను. ఏడుపు వినిపించింది, నడుమ నడుమ దగ్గు. ఒకసారి వీడియోకు మార్చిన ఫోన్‌తోనే బయటికొచ్చి, చెంబుతో నీళ్లు తీసుకుని మళ్లీ లోపలికెళ్లింది. "మింగుతున్న, మంచిగ చూడు" అంటోంది ఫోన్లోకి. తర్వాత చాలాసేపటికి చిన్నగా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఆమె ఫోన్ తెచ్చిచ్చినప్పుడు అడిగితే చెప్పేదే. అడగలేదు.

తిరుగు బస్సులో ఫోన్ తీసి చూశాను. ఆ కాల్ గంటకు పైనే నడిచింది. నాతో అంతసేపు మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అందులోని నంబర్లన్నీ పైనుంచి కిందికి వెతికాను. అన్నీ రోగులవీ, డాక్టర్లవే.