పూజలందుకున్న తుపాకీ

బర్మాలోని తన్లిన్‌లో ఉండే మా పెద్దమామ, ఇంటికి ఎవరొచ్చినా తాతల నాటి పంప్ షాట్‌గన్ చూపించి, "ఒక్క మర మార్చనేదు, అంతా అసలుదే" అనేవాడు.

లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలనీ, వాటిని కరిగించేస్తారనీ తెలిసి, పాత తుపాకులు సేకరించే అనుమతి ఉన్న ఒక బర్మా పెద్దాయన్ని పిలిచాడు. ఆయన గొట్టం మీది తుప్పు మచ్చలు చూసి, "అసలు నల్లపూత పోయింది. ఏం పూశారు?" అన్నాడు.

"ఏటా దసరాకి పసుపూ కుంకుమా ఎట్టి పూజ సేసినాం. ఏటి సయా, తప్పా?" అన్నాడు మామ, బర్మావాళ్లు 'అయ్యా' అని పిలిచే మాటతో.

"నాకు పనికిరాదు" అని ఆయన లేచాడు.

మర్నాడు మామతో నేనూ ఠాణాకి వెళ్లాను. అప్పగించిన తుపాకులు ఆరుబయట వానలో కుప్పగా ఉన్నాయి. మామదీ అందులోనే పడేశారు.

"తడిస్తే తుప్పట్టేత్తాది బాబూ" అన్నాడు మామ.

సిపాయి నవ్వాడు. మామ తన గొడుగు ఆ కుప్ప మీద విప్పి పెట్టి, తడుస్తూ వచ్చేశాడు.