తాళం వేసిన ఇల్లు

పల్లపు వీధుల్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ జాబితా అక్కే. ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఏటా వానలకు ముందు ఇల్లిల్లూ తిరిగి, వరదొస్తే తమంతట తాము కదల్లేని వాళ్లను రాసుకుంటుంది: మంచం పట్టినవాళ్లు, నిండు చూలాళ్లు, చూపు లేనివాళ్లు. ఎవరు ఎన్ని మెట్లు దిగగలరో కూడా నోటికి చెప్పేస్తుంది. "మా మోకాళ్ల సంగతి మాకంటే నీకే బాగా తెలుసే," అని ముసలమ్మలు వేళాకోళమాడేవారు. అక్కకు అది లోలోపల గర్వం. ఉండకూడదని కాదు గానీ, కాస్త ఎక్కువే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నానికి నది గట్టు దాటుతుందన్నారు. పదింటికల్లా జాబితాలోని ఆఖరి మనిషిని కూడా బస్సెక్కించి పంపేశారు. ఒకసారి చూసొద్దామని అక్క, జీపు డ్రైవరు వెనక్కి వెళ్లారు. వీధి బావురుమంటోంది. ఆరేసిన బట్టలు తీగల మీదే ఉన్నాయి. మురిక్కాలువలో నీళ్లు ఎదురు నడుస్తున్నాయి.

టక్. టక్. టక్.

చప్పుడు తాళం వేసిన ఒక ఇంట్లోంచి వస్తోంది.

"అక్కా, బయట తాళం, లోపల చప్పుడు. నేను పెళ్లాం పిల్లలున్నవాణ్ణి, పోదాం పద," అన్నాడు డ్రైవరు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

అక్క జాబితా తీసింది. ఆ ఇంటి నంబరు ఎదురుగా 'తాళం' అని తన చేతిరాతే. నిరుడూ అంతే, అంతకుముందూ అంతే. ఆ చప్పుడు కొత్తది కాదు. ఏటా ఈ గడప దగ్గర విన్నదే. ఎలుకలనుకుంది.

డ్రైవరు జాకీ రాడ్డుతో తాళం బద్దలుకొట్టాడు. చీకటి గదిలో ఇనప మంచం, దానిమీద సగం ఒళ్లు చచ్చుబడిన పెద్దాయన, పనిచేసే చేతిలో చెంచా. కొడుకూ కోడలూ దొంగల భయంతో తాళం వేసి పొద్దున్నే పనికెళ్లారనీ, ఇంకా రాలేదనీ ముద్దముద్దగా చెప్పాడు. వాళ్లు తిరిగి రావాల్సిన వంతెన మూసేశారని ఆయనకు తెలియదు.

డ్రైవరు వీపుకెత్తుకుంటుంటే ఆయన అక్కను పోల్చుకున్నాడు.

"ఏటా వచ్చేది నువ్వేగా అమ్మా? 'ఎవరూ లేరు' అని పైకే అనుకుంటూ రాసుకునేదానివి. లోపల వింటూనే ఉండేవాణ్ణి."

అక్కకు సిగ్గుతో ఏడుపు ముంచుకొచ్చింది. నీళ్లు అప్పటికే మడమలు దాటాయి. జాబితా తిరగేసింది. 'తాళం' అని రాసిన ఇళ్లు ఇంకా పదకొండు.

"ఆయన్ని జీపులో కూర్చోబెట్టి రా. ఆ రాడ్డు నాకిచ్చి వెళ్లు."

పక్కింటి తలుపుకి చెవి ఆనించింది. లోపల ఏ చప్పుడూ లేదు. చప్పుడు చెయ్యలేనివాళ్లు ఉండొచ్చు కదా. రాడ్డు ఎత్తింది.