ల్యాంపు ఇచ్చి రమ్మన్నాను

దయ్యాలను నమ్మేవాడినైతే ఈ సంగతి రాయడం నాకు సులువయ్యేది. ఫలానా చోట దయ్యాన్ని చూశానని నాలుగు ముక్కలు రాసి పడుకునేవాణ్ని. నమ్మను కాబట్టే రెండేళ్ల నుంచి రాస్తూ చింపుతూ ఉన్నాను.

నేను గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాంప్ రూమ్‌లో పనిచేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం నా డ్యూటీ. ఆ చీకట్లోకి పోయేవాళ్లంతా నా కిటికీ ముందు నుంచే పోయారు. కింద దయ్యాలే ఉంటే, వాటికి మాత్రం దారి కనపడొద్దా? ఒక్కటైనా వచ్చి ల్యాంపు కోసం చెయ్యి చాపేది. ఏదీ రాలేదు.

కాలనీలో నన్ను ల్యాంపన్న అంటారు. మా ఆవిడ మాత్రం దీపం కింద చీకటి అంటుంది. రిటైరయ్యాక పదవి పోయింది గానీ విరమణ దొరకలేదు. మా చర్చికి సెక్రటరీని చేసి కూర్చోబెట్టారు.

రెండేళ్ల కిందట మే నెలలో, కోస్తాలోని ఒక సంఘం నుంచి ఆరుగురు మా చర్చికి పది రోజుల సేవకు వచ్చారు. పొద్దున పిల్లలకు బైబిలు తరగతులు, సాయంత్రం ఇళ్లకు వెళ్లి ప్రార్థనలు. మే నెలలో మా దగ్గరికి రావాలంటే గట్టి విశ్వాసమన్నా ఉండాలి, మా ఎండల సంగతి తెలియకన్నా ఉండాలి. వాళ్లకు రెండూ ఉన్నాయి. మూడో రోజుకల్లా నలుగురికి ముక్కుల్లోంచి రక్తం కారింది. అయినా ఒక్కరూ తిరిగి పోతామనలేదు.

ఆ ఆరుగురిలో పెద్దావిడ కమల టీచరు. బడిలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త లేడు. గొంతు చిన్నది, చూపు పెద్దది. యేసోబు సంగతి ఆమె రెండో రోజే కనిపెట్టింది.

యేసోబు నాకంటే పదేళ్లు చిన్నవాడు. గనిలో బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా ఊతాలు నిలబెట్టే పని అతనిది. చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని పాటలన్నీ నోటికి పాడతాడు. చదవడం మాత్రం రాదు. సంతకం ఒక్కటి బొమ్మ గీసినట్టు గీస్తాడు. నలుగురిలో చిన్నతనంగా ఉంటుందని పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాడు. అది తలకిందులుగా ఉంటే నేను పక్క నుంచి మెల్లగా తిప్పేవాణ్ని. ఇరవై ఏళ్లు పుస్తకం తిప్పాను గానీ, నాలుగు అక్షరాలు నేర్పుదామని నాకు ఒక్కనాడు తట్టలేదు.

టీచరు ఎవరి ముందూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి యేసోబు షిఫ్టు దిగి స్నానం చేసి రాగానే, చర్చి వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. బైబిలులో అక్షరాలు మరీ చిన్నవని, ఒక చిన్న కీర్తనను డ్రాయింగ్ పేపరు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకు తిరిగేవాడు. వీడ్కోలు కూటంలో, సంఘమంతా వింటుండగా, అది తనే చదవాలి. ఇది వాళ్లిద్దరి ఒప్పందం. అతని భార్య శాంతమ్మ కమాన్‌పూర్ నుంచి తన అక్కచెల్లెళ్లను కూడా రమ్మన్నది. యాభై రెండేళ్ల మనిషి, పరీక్షకు పోయే పిల్లవాడిలాగా నిద్రలో కలవరించేవాడట.

కూటం ఆదివారం అనుకున్నాం. రైలు టికెట్లు శనివారం మధ్యాహ్నానికే దొరికాయి. కూటం శనివారానికి జరిగింది. ఆ వారం యేసోబుది ఫస్ట్ షిఫ్టు. పొద్దున ఏడింటికి దిగితే మూడింటికి గానీ పైకి రాడు.

శనివారం ఆరింటికే మా ఇంటి ముందు బండి ఆపాడు.

"అన్నా, ఇయ్యాల నాగా పెట్టనా?"

అంతకుముందు నెలల్లో కాళ్ల నొప్పులని అతను చాలా నాగాలు పెట్టాడు. మరిన్ని పెడితే విచారణకు రావాల్సి ఉంటుందని ఆఫీసు నుంచి కాయితం కూడా వచ్చింది. దాన్ని చదివి చెప్పింది నేనే.

"ఇంకో కాయితమొస్తే ఎవరు చదువుతరు? నాకు కండ్లు కనపడుతలేవు," అన్నాను నవ్వుతూ.

"నేనే చదువుకుంట. ఇప్పుడు వస్తది గద."

"సర్లే, పో డ్యూటీకి. టీచరమ్మకు నేను చెప్త."

అటు పాస్టరు, ఇటు మస్టరు. మా కాలనీలో ఈ రెండింటి మధ్య నలగని మనిషి లేడు. ఎప్పుడూ హాజరు వేసే మస్టరే గెలుస్తుంది. యేసోబు హ్యాండిల్ పట్టుకుని బండి తిప్పుకున్నాడు.

"వాళ్లు పోయేలోపల రానస్తదేమో చూస్త," అని బండి కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

కూటం పదకొండింటికి మొదలైంది. పిల్లలు పాటలు పాడారు. శాలువాలు కప్పాం, ఆ ఎండలో శాలువాలు. యేసోబు రాలేకపోయాడని నేను చెప్పగానే టీచరు తలూపింది గానీ, కూటం అయిందాకా గేటు వైపే చూస్తూ ఉంది. తర్వాత షామియానా కింద భోజనాలు. వ్యాను ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుందామని నేను డ్రైవరుకు ఫోన్ చేశాను. ఆ కాల్ పన్నెండూ నలభై ఎనిమిదికి చేసినట్టు ఫోన్‌లో ఉంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఫోన్ జేబులో పెట్టుకుంటూ తలెత్తేసరికి గేటు దగ్గర యేసోబు ఉన్నాడు.

నాకు ముందు కనపడింది మనిషి కాదు, ల్యాంపు. నెత్తి మీద టోపీ, దానికి వెలుగుతున్న ల్యాంపు, నడి ఎండలో. కాళ్లకు బూట్లు. ముఖం, బట్టలు అంతా బొగ్గు.

ల్యాంపు సంగతి గని బయటి వాళ్లకు చెప్పాలి. దిగే మనిషి తన నంబరు బిళ్ల మా దగ్గర పెట్టి ల్యాంపు తీసుకుంటాడు. ఎక్కి వచ్చి ల్యాంపు ఇస్తేనే బిళ్ల బోర్డు మీద నుంచి దిగుతుంది. బిళ్ల మిగిలిందంటే మనిషి కింద మిగిలాడని అర్థం. అప్పుడు వెతకడానికి జనం దిగాలి. ఒకసారి ఒకాయన మరచిపోయి ల్యాంపుతోనే ఇంటికి పోయాడు. ఆయన ఇంట్లో అన్నం తింటుంటే, ఆయన కోసం పదిమంది తెల్లారిందాకా గనంతా గాలించారు. అందుకే ల్యాంపుతో బయట తిరిగే మనిషిని చూస్తే నా నోరు నా మాట వినదు.

ఇరవై అడుగుల దూరం ఉంటుంది. నేను గేటు దాకా పోయాను.

"ఏంది యేసోబూ, ల్యాంపు ఇయ్యకనే వచ్చినవా? కింద నీకోసం దేవులాడరా? పో, ముందు ఇచ్చి రా."

అతని కుడిచేతిలో మడిచిన కాయితం ఉంది. దాన్ని కొంచెం ముందుకు చాపాడు.

"చదువుదువు గని తియ్. ముందు అది ఇచ్చి రా. జల్ది పో."

కోపమేమీ కనపడలేదు. పై అధికారి చెప్పిన మాట విన్నట్టు నిలబడ్డాడు, అంతే. తర్వాత వెనక్కి తిరిగి ప్రహరీ పక్క నుంచి వెళ్లాడు. నేను మజ్జిగ సరిపోతుందో లేదో చూడటానికి లోపలికి వచ్చేశాను. బండి చప్పుడు విన్నానా అంటే, వినలేదు. అప్పుడు అది తట్టలేదు.

మెట్ల మీద టీచరు నిలబడి ఉంది. "ఆయన యేసోబు గారే కదండీ? ఎందుకు వెళ్లిపోయారు?"

"వస్తడమ్మా. ల్యాంపు ఇచ్చి వస్తడు."

ఆ మాట మీదే ఆమె వ్యానును ఇరవై నిమిషాలు ఆపించింది. చివరికి రైలు తప్పుతుందని తక్కినవాళ్లు తొందరపెడితే ఎక్కింది. ఒంటిగంటన్నర దాటాక వ్యాను కదిలింది.

రెండు కావస్తుండగా గని నుంచి తెలిసినాయన ఫోన్ చేశాడు. యేసోబు మీద బండ పడ్డదన్నాడు.

నేను నమ్మలేదు. గంట కిందట నా కళ్లతో చూశానని, ఎవరిని చూసి ఎవరనుకుంటున్నారో సరిగ్గా కనుక్కొమ్మని ఆయన మీదే గరమైనాను. ఇంతలో శాంతమ్మకూ ఎవరో చెప్పారు. ఆమె చర్చి వెనక గిన్నెలు కడుగుతోంది. చేతులకు బూడిదతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఫికర్ చెయ్యకమ్మా," అన్నాను. "అది వేరే ఎవరో. మీ ఆయన ఇప్పుడే ఇక్కడికి వచ్చి పోయిండు. నేనే చూసిన."

ఆమె నా ముఖం చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ పోయి గిన్నెలు కడిగింది. అరగంట సేపు ఆమెను అట్లా కడగనిచ్చాను.

గనికి పోయి ముందు బోర్డు చూశాను. అతని బిళ్ల అక్కడే ఉంది. అతని బండి స్టాండులో, తాళం వేసి ఉంది. గని నుంచి మా చర్చి నాలుగు కిలోమీటర్లు.

అతనితో ఉన్న ఐదుగురు తోటివాళ్లు చెప్పింది ఇది. పన్నెండింటికి అందరూ డబ్బాలు విప్పారు. యేసోబు తినలేదు. నలుగురిలో చదివితే నవ్వుతారని కొంచెం అవతలికి, ఇంకా ఊతం పెట్టని చోటికి పోయి కూర్చున్నాడు. అట్లాంటి చోట కూర్చోవద్దని పదిమందికి చెప్పేవాడు అతనే. కప్పు కూలే ముందు సన్నగా చిటచిటమంటుంది. ఆ చప్పుడు అందరికంటే ముందు వినేదీ అతనే. ఆ రోజు పైకి చదువుకుంటున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్న గొంతు వాళ్లకు వినపడింది. తర్వాత బండ చప్పుడు. అప్పటికి వాళ్ల డబ్బాల్లో అన్నం సగం కూడా కాలేదు. పన్నెండుంబావు దాటి ఉండదని ఐదుగురూ అన్నారు.

గని మూతి దగ్గర ఉండే మనిషిని మూడుసార్లు అడిగాను. ఆ షిఫ్టులో మధ్యలో ఎవరూ పైకి రాలేదన్నాడు.

అయిదింటికి యేసోబును పైకి తెచ్చారు. ల్యాంపు ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని విప్పి కిటికీలో ఇచ్చారు. బోర్డు మీది బిళ్ల దించారు. నేను చెప్పినట్టే, ల్యాంపు ఇచ్చాడు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. ఎండ దెబ్బ అనుకుందామంటే, నేను షామియానా నీడలో ఉన్నాను. కంటి చూపు అనుకుందామంటే, ఆపరేషన్ అయ్యాక నా చూపు బాగానే ఉంది. పొద్దున యేసోబుతో అన్నది వట్టి పరాచికం. ఇంకెవరైనా గని బట్టల్లో వచ్చారేమోనని మా సంఘంలో ఆ షిఫ్టు వాళ్లందరినీ అడిగాను. ఎవరూ రాలేదు.

ఫోన్లో సంగతి తెలిసి, టీచరు పెద్దపల్లి స్టేషనులో రైలు దిగి ఆటోలో వెనక్కి వచ్చింది. రాగానే నన్ను పక్కకు పిలిచింది. "కాగితం చూపించారు కదండీ మీకు?" అని అడిగింది. నేను అప్పటిదాకా కాగితం మాట ఎవరితోనూ అనలేదు. ఆ కాగితం యేసోబు ఒంటి కింద దొరికిందని మాకిద్దరికీ రాత్రి గానీ తెలియలేదు.

ఆదివారం సమాధి చేశాం. ఆ కీర్తన టీచరే చదివింది, వరండాలో అతను చదివినంత నెమ్మదిగా, ఒక్కో అక్షరం. సోమవారం ఆమె ఒక్కతే వెళ్లింది. నేను స్టేషనుకు పోయాను. "నేర్పకపోతే బతికేవారు" అని రైలు కదిలేటప్పుడు అన్నది. పంపకపోతే బతికేవాడని నేను అనాలి. అనలేదు.

అతను బతికుండే వచ్చి, నా మాట విని మళ్లీ దిగి, అప్పుడు పోయాడా అని కూడా ఆలోచించాను. రాత్రుళ్లు అదే ఎక్కువ భయపెడుతుంది. కానీ వేళలు కుదరవు, బండి కదలలేదు, గని మూతి దాటినవాళ్లు లేరు. చనిపోయాకే వచ్చాడా అంటే, అట్లాంటివి నేను నమ్మను. ఈ రెండూ కాక మూడోది నాకు దొరకలేదు. ఈ రోజుకీ దొరకలేదు.

శాంతమ్మకు చెప్పడానికి నాకు నలభై రోజులు పట్టింది. జ్ఞాపకార్థ కూటం అయ్యాక, అందరూ పోయాక, గేటు దగ్గర జరిగిందంతా చెప్పాను. నేనన్న మాటలు కూడా, ఒక్కటీ దాచకుండా. ఎట్ల వచ్చిండని అడుగుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

శాంతమ్మ ఒక్కటే అడిగింది.

"అంత ఎండల వచ్చిండు. మంచినీళ్లన్న ఇచ్చినవా, అన్నా?"

ఇయ్యలేదమ్మా, అన్నాను.